పాచిక పారలేదు

మొన్నొక ఆదివారం రాత్రి భోజనాల దగ్గర నేనొక ప్రకటన చేశాను. పప్పుచారు గిన్నె కాస్త పక్కకి జరిపి, గొంతు సవరించుకుని, "ఆట పని అయిపోయింది. ఇంక ఎన్నాళ్ళో ఉండదు" అన్నాను.

మా ఆవిడ తలెత్తకుండానే "క్రికెట్టా?" అంది.

"కాదు, డి అండ్ డి."

"ఓ, మీ బేస్‌మెంట్ ఆటా!" అని మావాడి కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. "ఇంకేమిటో అనుకుని కంగారుపడ్డాను."

పాతికేళ్ళుగా నేను ప్రాణం పెట్టుకున్న ఆటకి మా ఇంట్లో జరిగిన సంతాప సభ అంతే. మీ ఇంట్లోనూ ఇదే తంతు అని నాకు తెలుసు. మీది స్టాంపుల ఆల్బమో, పాత రేడియోల పిచ్చో, మిద్దె మీద పావురాలో అయ్యుంటుంది.

తెలియనివాళ్ళ కోసం, అంటే మా బంధువులందరి కోసం, రెండు ముక్కలు చెబుతాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని అమెరికాలో పుట్టిన ఆట. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు, వాడు డంజన్ మాస్టర్. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె, ఒకడు జేబుదొంగ. "గుహ తలుపు బద్దలుకొడతాను" అని నోటితో అంటే చాలదు, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే తలుపు విరుగుతుంది. ఒకటి పడితే భుజం విరుగుతుంది.

మన బుర్రకథ అనుకోండి. కథకుడుంటాడు, వంతలుంటారు. కాకపోతే ఇక్కడి వంతలు కథకుడి మాట వినరు. మీరు యుద్ధం గురించి చెబుతుంటే వాళ్ళు తందాన తాన అనరు, "నేను రాజుగారి కుక్కని ఎత్తుకుపోతాను" అంటారు. ఆ రాత్రంతా కథ కుక్క చుట్టూ తిరుగుతుంది.

మా మావగారు ఇప్పటికీ నేను వీడియో గేములు ఆడతాననుకుంటారు. మా తోడల్లుడు పేకాటనుకుంటాడు. పేకాటకే కాస్త మర్యాద ఎక్కువ కాబట్టి నేనూ సరిదిద్దలేదు.

నాకీ పురుగు కుట్టింది మిల్వాకీలో. 1998 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి అక్కడ దిగాను. ఆట పుట్టిన లేక్ జెనీవా అనే ఊరు అక్కడికి కారులో గంట దూరం. గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయాక బూట్లు బాగుచేసుకుంటూ, మిగిలిన పొద్దంతా ఇలాంటి ఆటల మీదే గడిపేవాడు. ఆయనా, డేవ్ ఆర్నెసన్ అనే మిత్రుడూ కలిసి తయారుచేసిన ఆటని 1974లో అచ్చువేశారు. మొదటి విడత 1000 పెట్టెలు. ఇంట్లో కూర్చుని చేతుల్తో సర్దినవే. అవి చెల్లిపోవడానికే ఏడాది దగ్గరదగ్గరగా పట్టింది.

ఈ కథంతా పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకి ఒక వెన్నెల రాత్రి చెప్పాను, కళ్ళు చెమర్చుకుని. శ్రద్ధగా వింది. అంతా అయ్యాక ఒకే ప్రశ్న వేసింది: "మరి ఆ బూట్ల పని ఎందుకు మానేశాడండీ?"

నాకప్పుడే అర్థం కావాల్సింది.

2000 ఆగస్టులో జెన్ కాన్ అనే ఆటల జాతర మిల్వాకీలోనే జరిగింది. అందులోనే మూడో ఎడిషన్ పుస్తకం బయటికొచ్చింది. 20 డాలర్లకి అయిదు సెంట్లు తక్కువ. డాలరు 45 రూపాయలున్న రోజులు. తొమ్మిది వందలు పోసి ఆటల పుస్తకం కొన్నానని తెలిస్తే మా నాన్న గుండె పట్టుకుని కూలబడేవాడు. "రిఫరెన్స్ పుస్తకం" అని చెప్పాను. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది. అట్ట మీద ఆవకాయ మరక తప్ప చెక్కుచెదరలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత మా ఆవిడ దీన్ని నా మీదికే తిప్పింది.

ఇప్పుడు షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటున్నాం. ఇల్లు కొన్నప్పుడు బేస్‌మెంట్‌లో సగం నాదని ఒప్పందం. ప్రస్తుతం నా సగంలో ఆరు సోనా మసూరి బస్తాలు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్, ఇండియా తీసుకెళ్ళాల్సిన సూట్‌కేసులు, వాటి మధ్య ఒక బల్ల. ఆ బల్ల మీద నేను చక్రవర్తిని. మెట్లెక్కి పైకొస్తే "ఆ చెత్త బయట పెట్టారా?" అన్న ప్రశ్నకి జవాబుదారీని.

మా బల్లకి మంచి రోజులు 2016 నుంచి. ఆ ఏడే 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్ వచ్చింది. అందులో పిల్లలు బేస్‌మెంట్‌లో కూర్చుని మా ఆటే ఆడారు. అంతవరకు నన్ను వింతగా చూసిన ఆఫీసు కుర్రాళ్ళు వచ్చి "అన్నా, మీకిది వచ్చటగా!" అన్నారు. జీవితంలో నన్ను ఫ్యాషన్ వెతుక్కుంటూ వచ్చింది ఆ ఒక్కసారే. భీమవరం ఆయన, వరంగల్ ఆయన, నెల్లూరు ఆయన, ఇద్దరు తమిళ తమ్ముళ్ళు, పక్కింటి అమెరికన్ పెద్దాయన, నేను. శనివారం రాత్రి ఏడింటికి కూర్చుంటే ఒంటిగంటకి లేచేవాళ్ళం.

మీతో కాబట్టి ఒప్పుకుంటున్నాను, నాకు కొంచెం తలకెక్కింది. మా ఆవిడ పాత పట్టుచీర అంచు కుట్టించి ఒక దుప్పటి లాంటి అంగీ చేయించుకున్నాను. 'మేఘదుర్గ చరిత్ర' పేరిట 140 పేజీల స్థలపురాణం రాసి ప్రింటు తీసి పంచాను. ఎవరూ చదవలేదు. వెనకవైపు తెల్లగా ఉందని మావాడు దాని మీద గుణకారాలు చేసుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా నాకు డ్రాగన్ గొంతు ఉంది. బొడ్డు దగ్గర్నుంచి తీస్తాను. ఒకసారి మా ఆవిడ పైన ఆఫీసు మీటింగులో ఉండగా తీశాను. వాళ్ళ మేనేజరు "ఇంట్లో అంతా క్షేమమేనా?" అని అడిగాడట. "పైపుల్లో గాలి చేరింది" అని చెప్పిందట.

2017లో మా అమ్మ తెనాలి నుంచి ఆరునెలలు ఉండటానికి వచ్చింది. ఓ శనివారం రాత్రి మెట్ల మీదుగా ఆవిడ చెవిన పడ్డ మాటలు: "మేకని బలివ్వు! రక్తం పళ్ళెంలో పట్టు! లేస్తోంది... లేస్తోంది!" గొంతు కన్నకొడుకుది. పొద్దున్న చూస్తే బేస్‌మెంట్ తలుపుకి నిమ్మకాయ, దాని కింద ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. సూదీ దారం అందించింది మా ఆవిడేనని తర్వాత తేలింది.

అమ్మని తప్పుపట్టను. ఈ దేశపు తల్లులు చాలాముందే ఇలాగే హడలిపోయారు. 1979లో మిషిగన్‌లో ఒక కాలేజీ కుర్రాడు కనిపించకుండా పోతే ఈ ఆటే మింగేసిందని పేపర్లు రాశాయి. అసలు కారణాలు వేరు. తర్వాత కొన్నేళ్ళు చర్చిల్లో, టీవీల్లో ఇది సైతాను ఆటని ఒకటే గోల. 1983లో దీన్ని మాన్పించడానికి ఒక సంఘమే వెలిసింది. ఇంత జరిగితే ఏ ఆటైనా చావాలి కదా? ఆ కుర్రాడి వార్త వచ్చాకే అమ్మకాలు ఎగబాకాయి. వద్దన్న పని చెయ్యని పిల్లలు ఏ దేశంలో ఉంటారు చెప్పండి.

మా అమ్మ మాత్రం వారంలో తేరుకుంది. ఒకరోజు బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఇందులో గెలిచేదెవరురా?" అంది.

"ఎవరూ గెలవరమ్మా."

"ఓడేది?"

"ఎవరూ ఓడరు."

"మరి ఆదివారం పొద్దున్న నీ మొహం అలా ఎందుకుంటుంది?"

ఆ సంక్రాంతికి అత్తాకోడళ్ళు కలిసి బొమ్మల కొలువు పెట్టారు. మెట్లు తొమ్మిది, బొమ్మలు చాలలేదు. నేను రాత్రులు మేలుకుని సన్న కుంచెతో రంగులు వేసుకున్న రాక్షసులు, గుర్రాలు, డ్రాగన్లు కిందికి దిగొచ్చి చూసేసరికి గాయబ్. ఆరో మెట్టు మీద పెళ్ళివారి పక్కన బారులు తీరి ఉన్నాయి. వాటిలో బిహోల్డర్ అనే భూతం ఒకటుంది. గుండ్రటి శరీరం, మధ్యలో పెద్ద కన్ను, తల మీద తొండాల్లా పది కళ్ళు. పేరంటానికొచ్చిన ఒకావిడ దాన్ని చాలాసేపు చూసి, "ఇంద్రుడా అండీ?" అంది. మా అమ్మ తడుముకోకుండా "ఆఁ, కళ్ళన్నీ పెట్టలేదింకా" అంది. ఆవిడ కుంకుమ బొట్టు పెట్టి వెళ్ళింది. ఆ బొట్టు ఇప్పటికీ పోలేదు. మా ఆటలో ఆ భూతం కనపడితే అందరూ లేచి నిలబడేవాళ్ళు.

తర్వాత ఒక్కొక్కరే రాలిపోయారు. భీమవరం ఆయన డాలస్ వెళ్ళిపోయాడు. నెల్లూరు ఆయన కూతురి అరంగేట్రం పనుల్లో పడ్డాడు, అరంగేట్రం అయ్యాక అప్పుల్లో పడ్డాడు. కరోనా వచ్చాక రోల్20లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడాం. డ్రాగన్ గొంతుతో మూడు నిమిషాలు శాపాలు పెట్టాక "అన్నా, మ్యూట్‌లో ఉన్నారు" అనేవాళ్ళు. మూడు నిమిషాల శాపం రెండోసారి పెట్టడం ఎంత కష్టమో దూర్వాసుణ్ణి అడగండి. ఇక వరంగల్ ఆయనకి పికిల్‌బాల్ పట్టుకుంది. మోకాలు పోయిందట, అయినా మానలేదు. మనిషి మోకాళ్ళు పోగొట్టుకునే ఆటకి వెళ్ళాడు కానీ కూర్చుని ఆడే ఆటకి రాలేదు.

చివరికి మిగిలింది నేనూ పక్కింటి పెద్దాయన. ఆయన రిటైరైన బడిపంతులు, 1977 నుంచి ఆడుతున్నాడు. ఆయనా లేనిరోజు నేనొక్కణ్ణే కూర్చుని రెండు వైపులా పాచికలు వేసుకున్నాను. ఆ సంగతి ఇంట్లో తెలియదు. మీరూ చెప్పకండి.

ఇదిగో, ఇదంతా గుండెల్లో పెట్టుకునే ఆ రాత్రి ప్రకటన చేసింది. మా అమ్మాయి కూడా కాలేజీ నుంచి శనాదివారాలకి వచ్చి ఉంది. నేను ఊరికే అనలేదు, రుజువులతో వచ్చాను. వేళ్ళు మడిచాను.

"2023 డిసెంబర్‌లో, క్రిస్మస్‌కి రెండు వారాల ముందు, ఈ ఆట సొంతదారు హాస్‌బ్రో 1100 మందిని తీసేస్తామంది. 2025 మార్చిలో, కంప్యూటర్‌లో ఈ ఆట ఆడించడానికి సిజిల్ అని కట్టుకొచ్చినదాని మీద పనిచేసేవాళ్ళని చాలామందిని పంపించేసింది. అదే ఏడు ఆటకి పెద్దతలకాయలు ఇద్దరు బయటికెళ్ళిపోయారు."

"ఎక్కడికెళ్ళారు నాన్నా?" అంది మా అమ్మాయి.

నేను నీళ్ళు తాగాను.

"క్రిటికల్ రోల్ వాళ్ళ దగ్గరికి," అని తనే చెప్పింది. "అక్కడ కూడా ఇలాంటి ఆటలే చేస్తున్నారు. పక్కవీధిలో కొట్టు పెడితే ఊళ్ళో వ్యాపారం పోయినట్టా?"

క్రిటికల్ రోల్ అంటే మరేం కాదు. కొందరు డబ్బింగ్ కళాకారులు 2015 నుంచి తమ ఆటని కెమెరా ముందు ఆడుతున్నారు. గంటలకి గంటలు. లక్షలమంది చూస్తారు. 2019లో ఒక కార్టూన్ సినిమా తీసుకుంటామని చందా అడిగితే జనం కోటి పదమూడు లక్షల డాలర్లు చేతిలో పెట్టారు. నేను 140 పేజీలు ఊరికే ఇస్తే పుచ్చుకున్నవాడు లేడు.

"అది ఆడటం కాదు, చూడటం," అన్నాను కసిగా. "2025 జనవరిలో న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కొందరు బల్ల వేసుకుని ఆడితే, టిక్కెట్లు కొనుక్కుని జనం కూర్చున్నారు. ఎవడో ఆడుతుంటే డబ్బిచ్చి చూడటమేమిటి, పతనం కాకపోతే?"

"మీరు ఐపీఎల్‌లో ఏ టీముకి ఆడుతున్నారు?" అంది మా ఆవిడ.

నవ్వుతుంటే మావాడికి పొలమారింది. వాడి నెత్తి మీద కొట్టే వంకతో కాసేపు సంభాషణ తప్పించాను.

మీకు చెప్పలేదు కదూ, మా ఆవిడ వృత్తి ఆడిటింగ్. కంచం తీసేసి వచ్చి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా కూర్చుంది. ఆ కూర్చునే తీరు నాకు తెలుసు. పన్ను రిటర్నుల రోజుల్లో కూర్చునే తీరు.

"ఈ పుస్తకాలు కొనేదెవరు?"

"డంజన్ మాస్టర్."

"మిగతా అయిదుగురు?"

"చిప్స్ తెస్తారు."

"ఒకసారి కొంటే ఎన్నాళ్ళొస్తుంది?"

ఆవకాయ మరక పుస్తకం ఎదురుగా బీరువాలోంచి నన్నే చూస్తోంది. "పాతికేళ్ళు..." అన్నాను.

"ఒకడు కొని, ఆరుగురు తిని, పాతికేళ్ళు అరిగించుకునే సరుకు. ఇది వ్యాపారమా, అన్నదానమా?"

నిజం చెప్పొద్దూ, 2022 డిసెంబర్‌లో ఆ కంపెనీ పెద్దలు మదుపరుల ముందు వెళ్ళబోసుకున్న బాధ సరిగ్గా ఇదే. ఆడేవాళ్ళలో డంజన్ మాస్టర్లు అయిదోవంతే, డబ్బులు పెట్టేది మాత్రం ఎక్కువగా వాళ్ళే అని. అది కనిపెట్టడానికి వాళ్ళకి అధికారులు, అంకెలు కావలసొచ్చాయి. మా ఆవిడకి మూడు ప్రశ్నలు పట్టింది.

అందుకే మళ్ళీ మళ్ళీ కొత్త ఎడిషన్ తెస్తుంటారు: 2000, 2003, 2008, 2014, 2024. నియమాలు కాస్త అటూ ఇటూ సర్ది, బొమ్మలు మార్చి, రేటు పెంచుతారు. కొత్తది 50 డాలర్లు. "అదే చీరకి అంచు మార్చి అమ్మడం," అంది మా ఆవిడ. "మీరు అయిదూ కొన్నారా?"

"అవి కాదులే..." అని నసిగాను. ఆ నసుగుడే కొంప ముంచింది. వెంటనే బేస్‌మెంట్‌కి దిగింది. బస్తాల వెనక నేను దాచిన అట్టపెట్టెలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. క్లుప్తంగా చెబుతాను: కొన్న పుస్తకాలు 61. చదివినవి 19. ఆడినవి 4. ప్లాస్టిక్ కవరు విప్పనివి కూడా ఉన్నాయి.

"ఇంతకీ మీ వ్యసనం ఆట కాదండీ, షాపింగు," అంది. ఈ మాట నేను ఆవిణ్ణి అనాలని ఇరవై ఏళ్ళుగా అవకాశం కోసం చూస్తున్నాను.

అప్పుడు నాకు దొరికిన చివరి ఆయుధం చరిత్ర. పక్కింటి పెద్దాయన చెప్పిన లెక్క ప్రకారం ఈ ఆట ఇప్పటికి నాలుగైదుసార్లు చచ్చింది. 1985లో గైగాక్స్ చేతిలోంచే ఆయన పెట్టిన కంపెనీ పగ్గాలు లాగేసుకున్నారు. కంపెనీ పేరు టీఎస్‌ఆర్, మన టీఎస్సార్ కాదు. ఆ తర్వాత వాళ్ళు ఒక ఆటకి పది లోకాలు సృష్టించారు. ఇసుక లోకం, పిశాచాల లోకం, రాజుల లోకం. ప్రతి లోకానికీ పెట్టెల కొద్దీ పుస్తకాలు. ఒక లోకం వాడు ఇంకో లోకం పుస్తకం కొనడు. తిరిగొచ్చిన పుస్తకాలు గోడౌన్లలో పేరుకున్నాయి. చివరికి మూడు కోట్ల డాలర్ల అప్పుతో, ప్రెస్సు వాడికి కూడా బాకీపడి, 1997లో విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్‌కి అమ్ముడుపోయింది. వాళ్ళు 1993లో 'మ్యాజిక్' అనే కార్డులాట తెచ్చి బాగా గడించినవాళ్ళు. రెండేళ్ళకి వాళ్ళనీ హాస్‌బ్రో కొంది.

"ఆ 1997లో ఆడేవాళ్ళు ఏం చేశారు?" అంది మా అమ్మాయి.

"ఏముంది, ఆడుకున్నారు. పాత పుస్తకాలుంటాయి కదా."

అన్నాక నాలిక కరుచుకున్నాను.

2023 జనవరి గొడవ కూడా చెప్పి చూశాను. 2000 నుంచి ఈ ఆట నియమాల మీద ఎవరైనా సొంత పుస్తకాలు వేసుకోవచ్చని ఒక లైసెన్స్ ఉండేది. దాన్ని బిగిద్దామని కంపెనీ చూసింది. చిత్తుప్రతి బయటికి పొక్కింది. జనం తిరగబడి చందాలు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండా కంపెనీ వెనక్కి తగ్గి, మూల నియమాలని ఎవరైనా వాడుకునేలా శాశ్వతంగా వదిలేసింది.

"తాళం వెయ్యడానికెళ్ళి తాళంచెవి ఊరందరికీ పంచొచ్చారన్నమాట," అని మా ఆవిడ ముచ్చటపడింది. "ఏవండీ, మీకు షాపుకీ ఆటకీ తేడా తెలియట్లేదు. మీ చెల్లెలి పిల్లలు వైకుంఠపాళి ఆడతారా?"

"ఆడతారు."

"ఆ కంపెనీ పేరేమిటో చెప్పండి చూద్దాం. వాళ్ళ షేరు ఎంతుంది ఇవాళ?"

బడాయికి పోయి ఆలోచించాను కూడా.

ఇక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ నాకు ఓదార్పు కావాలి. "మరి నా బల్ల ఎందుకు ఖాళీ అయింది?" అన్నాను.

మా పిల్లలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు బయటపడింది సంగతి. మా అమ్మాయి కాలేజీలో ప్రతి గురువారం ఆట నడుపుతోంది. తనే డంజన్ మాస్టర్. ఆరుగురు ఆడతారు, ఇంకో నలుగురు ఖాళీ కోసం కాచుకుని ఉన్నారు. అదీ డి అండ్ డి కాదు, ఎవరో చిన్నవాళ్ళు వేసిన ఇంకేదో ఆట. నియమాలన్నీ కలిపి నాలుగు కాగితాలు. రెండేళ్ళయిందట.

"నాకు ఒక్క మాట చెప్పలేదేం తల్లీ?"

"చెబితే వస్తానంటారు నాన్నా."

"వస్తే?"

"గొంతు మారుస్తారు."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. జెన్ కాన్‌కి ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో ఏటా 70 వేలమందికి పైగా వస్తారని, 2024లో యాభై ఏళ్ళ పండక్కి తపాలా శాఖ ఈ ఆటకి స్టాంపులు వేసిందని, అదే ఏడు ఒక నవలల లోకం మీద ఇలాంటి ఆట చేస్తామంటే కిక్‌స్టార్టర్‌లో కోటీ యాభై లక్షల డాలర్లు పోగయ్యాయని నాకు ముందే తెలుసు. భోజనాల దగ్గర ఇవేవీ ఎందుకు చెప్పలేదంటే, ఆట బాగానే ఉండి నా బల్ల ఒక్కటే ఖాళీ అయిందంటే చిన్నతనం కదా. లోకమే మునిగిపోతోందంటే అందరితో పాటు మనం.

ఆ పై నెల మా అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు, జాలిపడి కాబోలు, "రండి నాన్నా, ఒకసారి ఆడదాం" అంది. మావాణ్ణి ఐస్‌క్రీమ్ ఆశపెట్టి దింపాను. పక్కింటి పెద్దాయన వచ్చాడు. నాలుగోమనిషి తక్కువైతే, బియ్యం తీసుకోవడానికి కిందికొచ్చిన మా ఆవిణ్ణి పిల్లలు పట్టుకుని కూర్చోబెట్టారు.

"మీ పాత్ర ఏమిటి?" అన్నాను అంగీ సవరించుకుంటూ.

"ఆడిటర్."

"అలాంటి పాత్ర లేదు."

"డంజన్ మాస్టర్ ఒప్పుకుంటే ఏదైనా ఉండొచ్చు నాన్నా, పుస్తకంలోనే ఉంది," అంది మా అమ్మాయి. ఆ పుస్తకం కొనిచ్చింది నేనే.

మూడు నెలలు కష్టపడి కట్టుకున్న కథ. మేఘదుర్గం కింద ఏడంతస్తుల గుహలు, అడుగడుగునా ఉచ్చులు, అట్టడుగున లక్ష బంగారు కాసుల మీద పడుకున్న డ్రాగన్, దాని చెరలో యువరాజు. ఆరు వారాలు లాగుదామనుకున్నాను. మా ఆవిడ గుహ ముందు కాపలావాణ్ణి "సరుకులు లోపలికి ఎటునుంచి వెళ్తాయి బాబూ?" అని అడిగింది. వాడు పెరటి దారి చూపించాడు. వాడు చూపించడమేమిటి, నేనే చూపించాను. అంత మర్యాదగా అడిగితే ఎలా కాదంటాను?

పది నిమిషాల్లో డ్రాగన్ ఎదురుగా ఉన్నారు. బొడ్డు దగ్గర్నుంచి గొంతు తీశాను. మావాడు చెవులు మూసుకున్నాడు. మా ఆవిడ చలించలేదు.

"ఎన్నాళ్ళయింది ఈ బంగారం మీద పడుకుని?"

"మూడు వందల ఏళ్ళు!" అని గర్జించాను.

"వడ్డీ ఎంతొచ్చింది?"

"...డ్రాగన్లకి వడ్డీ ఉండదు."

"అయ్యో," అంది.

ఆ 'అయ్యో' ఎలాంటిదో మీకు వివరించలేను. పెళ్ళయినవాళ్ళకి అక్కర్లేదు కూడా. డ్రాగన్ బంగారం మీద కాస్త కిందికి జారింది. లెక్కలు తను చూస్తానంది. అందుకు బదులుగా యువరాజుని వదలాలి, నూటికి పన్నెండు ఫీజు ఇవ్వాలి. ససేమిరా అన్నాను. అయిదంటే అయిదన్నాను. సంచీ భుజాన వేసుకుంది. "పదండర్రా, ఇంకో గుహ చూద్దాం" అని లేచింది. రెండడుగులు వేసింది. గుంటూరు బట్టల కొట్లలో పాతికేళ్ళుగా ఈ నడక చూస్తున్నవాణ్ణి. అది ఉత్తుత్తి నడకని నాకు తెలుసు. వెనక్కి తిరుగుతుందని తెలుసు.

నేనే పిలిచాను.

బేరమంతా తెలుగులోనే నడిచింది. పక్కింటి పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ, ఆ రెండడుగులు మాత్రం అర్థమైనట్టున్నాయి. ఇన్నేళ్ళలో ఇలాంటిది చూడలేదని లేచి చప్పట్లు కొట్టాడు. మూడు నెలల కథ నలభై నిమిషాల్లో ముగిసింది. ఎవరూ ఒక్క పాచికా వెయ్యలేదు. నా పాచికల సంచీ ముడి విప్పనేలేదు.

ఆ తర్వాత మా ఆవిడ ఈ ముచ్చట కిట్టీ పార్టీలో చెప్పింది. మరుసటి ఆదివారం ముగ్గురు స్నేహితురాళ్ళు "ఆ డ్రాగన్‌తో బేరం ఎలా ఆడాలో చూపించవే" అంటూ వచ్చారు. ఇప్పుడు బల్ల నిండుగా ఉంటోంది. డంజన్ మాస్టర్ మా ఆవిడే. పాత చీర అంచు అంగీ తనే వేసుకుంటోంది, చీర తనదే కాబట్టి కాదనలేను. వరంగల్ ఆయన కూడా మోకాలికి పట్టీ కట్టుకుని దిగబడ్డాడు, వాళ్ళావిడ లాక్కొస్తే. పక్కింటి పెద్దాయన మిరపకాయ బజ్జీకి అలవాటుపడ్డాడు. బజ్జీలు వేసేది నేను. ఆటలో కూడా నాకొక పాత్ర ఇచ్చారు. కోట గుమ్మం దగ్గర కాపలావాడు. రెండు మాటలుంటాయి: "ఎవరది?" ఒకటి, "వెళ్ళండి" రెండు. మామూలు గొంతుతోనే అనాలి.

ఈ ఆదివారం ఎనిమిదిమంది వస్తున్నారట. బేస్‌మెంట్‌లో కుర్చీలు ఆరే ఉన్నాయి. బియ్యం బస్తా మీద కూర్చోమంటే మా ఆవిడ ఊరుకోదు. మీ దగ్గర మడత కుర్చీలు రెండుంటే శనివారం సాయంత్రానికల్లా కాస్త ఇప్పించండి. సోమవారం పొద్దున్నే తెచ్చిచ్చేస్తాను.